తన బాట తానే పఱచుకొను బండి

రాయలసీమలో ఊరిపేరు వినినంతనే ఆ ఊరివారు దేని నాశ్రయించి బ్రతికిరో పెక్కుచోట్ల తెలిసిపోవును. కదిరి ప్రాంతమునందలి నల్లచెరువు అట్టి ఊరు. ములకలచెరువు అట్టిదే. ఇచ్చట చెరువు పేరే ఊరి పేరైనది. నల్లచెరువు పూర్వము అనంతపురము జిల్లాలో నుండెను. 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో నేడు చేరియున్నది. ఈ సీమలో ఏటి సగటు వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. నైరృతి మేఘములు పడమటి కనుమలపై కురిసి, తేలికపడి ఇచ్చటికి వచ్చును. ఈశాన్య మేఘములు తూర్పుతీరమున కురిసి, మిగిలిన కొలది నీటితో ఇచ్చటికి చేరును. రెండు వానలకును ఇది కడపటి పంక్తి. కావున కురిసిన నాలుగు చినుకులను నిలువజేసికొనుటకు పెద్దలు వాగునకు అడ్డముగా కట్టలు వేసి చెరువులు నిర్మించిరి.

చెరువు కట్టుట యనగా మన్ను మోయుట. కడప జిల్లాలోని పోరుమామిళ్ళ చెరువుకట్టపై 1369వ సంవత్సరపు శాసన మొకటి కలదు. విజయనగర ప్రభువైన బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెరువును కట్టించెను. మంచి చెరువునకు ఉండదగిన పండ్రెండు అంగములను ఆ శాసనము పేర్కొనుచున్నది. వేయిమంది కూలీలు, నూఱు బండ్లు, రెండు సంవత్సరముల కాలము ఆ పనికి పట్టెనని కూడ చెప్పుచున్నది. గడ్డపారతో త్రవ్వి, పారతో ఎత్తి, గంపతో మోసి, కట్టపై పోసి, మన్ను గట్టిపడునట్లు త్రొక్కించి ఆనాటి మనుష్యులు ఒక కొండకును మఱియొక కొండకును నడుమ మఱియొక చిన్న కొండను నిర్మించిరి.

కట్టిన చెరువు కట్టినట్లే యుండదు. ప్రతి వానకును ఎగువనుండి మన్ను కొట్టుకొని వచ్చి చెరువు అడుగున చేరును. దీనినే పూడిక యందురు. పూడిక పెరిగిన కొలది నీరు నిలుచు తావు తగ్గును. మరవ త్వరగా పారును. తూము త్వరగా ఎండును. కావున పూడిక తీయుట, కట్టకు మన్ను వేయుట, వంకలను సరిచేయుట ఎప్పటికిని తీరని పనులు. ఈ పనులకు సమయము వేసవి మాత్రమే. చెరువు ఎండిన తరువాత మొదలుపెట్టి, వాన పడకముందే ముగింపవలెను. ఆ నడుమనుండు కొలదివారములే ఊరివారి చేతిలోని కాలము.

వేయిమంది చేయు పనిని కొలదిమంది చేయుటకు ఇరువదవ శతాబ్దమున ఒక యంత్రము వచ్చెను. అది ముందు ఇనుపపలకతో మంటిని త్రోయును. దాని వెనుక నాగలి కట్టినచో బీడును లోతుగా దున్నును. దానికి రబ్బరు చక్రములుండవు. ఇరుప్రక్కల రెండు పెద్ద ఇనుప గొలుసులుండును. అందుచేత దానిని చైను ట్రాక్టరనియు, ముందు పలక యున్నచో బుల్‌డోజరనియు పిలుతురు. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన తరువాత అమెరికా సైన్యము మన దేశమున విడిచిపోయిన ఇట్టి ట్రాక్టర్లతో భారతప్రభుత్వము 1947లో కేంద్ర ట్రాక్టరు సంస్థను నెలకొల్పెను. మధ్యభారత ప్రాంతమున రెల్లుగడ్డి వేళ్ళు భూమిలో లోతుగా పాతుకొని, లక్షల ఎకరములను బీడు చేసియుండెను. ఎద్దుల నాగలికి ఆ వేళ్ళు లొంగవు. ఆ భూములను దున్ని సాగులోనికి తెచ్చుటకు కావలసిన యంత్రముల కొఱకు 1949లో ప్రపంచబ్యాంకు మన దేశమునకు కోటి డాలర్ల ఋణ మొసగెను. ఆహారధాన్యములకై దేశము అలమటించుచున్న దినములవి. స్వాతంత్ర్యము వచ్చిన తరువాతి దశాబ్దములలో రాష్ట్రముల వ్యవసాయశాఖలు కూడ బుల్‌డోజర్లను గంటకింత యను బాడుగకు రైతులకు పంపుచుండెడివి. మిట్టపల్లములు సరిచేయుటకును, గట్లు వేయుటకును అవి మిక్కిలి యుపకరించెను.

చక్రముండగా గొలుసు ఎందుకు? మెత్తని నేలపై బరువైన బండి చక్రము దిగబడుట మన మెఱిగినదే. చక్రము నేలను ఆనుచోటు అరచేతివంటి చిన్న తావు. బండి బరువంతయు ఆ చిన్నచోటుననే పడును. గొలుసు బండి యట్లు కాదు. దాని బరువు ఎనిమిది వేల కిలోగ్రాములనుకొందము. ఒక్కొక్క గొలుసు 40 సెంటీమీటర్ల వెడల్పున, 200 సెంటీమీటర్ల పొడవున నేలను ఆనినదనుకొందము. రెండు గొలుసులును కలిసి 16,000 చదరపు సెంటీమీటర్ల నేలను ఆనును. అనగా ఒక్కొక్క చదరపు సెంటీమీటరుపై పడు బరువు అరకిలోగ్రాము. పెద్దమనిషి యొకడు ఒంటికాలిపై నిలిచినప్పుడు అతని పాదముక్రింద పడు ఒత్తిడియు ఇంచుమించు ఇంతియే. ఎనిమిది టన్నుల ఇనుము మనిషి అడుగంత మెత్తగా నేలపై నడచుచున్నదన్నమాట.

ఈ యూహ ఒక్కనాట పుట్టినది కాదు, ఒక్కరిది కాదు. అమెరికాలోని కాలిఫోర్నియాలో స్టాక్టన్ నగరము చుట్టును నదీముఖపు మెత్తని నేలలు కలవు. అచ్చట ఆవిరి ట్రాక్టర్లు దిగబడుచుండుటచే బెంజమిన్ హోల్ట్ అను యంత్రనిర్మాత చక్రముల వెడల్పును పెంచుచు పోయెను. తుదకు ఒక ట్రాక్టరు 46 అడుగుల వెడల్పైనది. అట్టి బండికి దారి ఎక్కడ దొరకును? అప్పుడతడు చక్రమును విడిచి, చెక్కపలకలు కూర్చిన గొలుసును అమర్చి, 1904 నవంబరు 24వ తేదీన పరీక్షించెను. అది దిగబడలేదు. గొంగళిపురుగు వలె ప్రాకుచున్నదని చూచినవారనగా ఆ పేరే స్థిరపడెను. ‘కాటర్‌పిల్లర్’ అనగా ఆంగ్లమున గొంగళిపురుగే. అదే కాలమున ఇంగ్లండులోని గ్రాంథం పట్టణమున హార్న్స్‌బీ సంస్థలో డేవిడ్ రాబర్ట్స్ అను ఇంజనీరు ఇట్టి గొలుసునే రూపొందించి, 1904లో హక్కుపత్రము పొందెను. హోల్ట్ సంస్థయు, దానికి పోటీగానున్న బెస్ట్ సంస్థయు 1925లో కలిసి కాటర్‌పిల్లర్ ట్రాక్టరు కంపెనీ యయ్యెను.

గొలుసు బాగుగా లేనిచో తక్కిన యంత్రమెంత గొప్పదైనను నిష్ప్రయోజనమని 1915లో జరిగిన ఒక విషయము తెలుపుచున్నది. మొదటి ప్రపంచయుద్ధమున ఆంగ్లేయులు కవచమున్న శకటమును నిర్మింపదలచి, అమెరికానుండి గొలుసులు తెప్పించిరి. లింకన్ పట్టణమున వానిని అమర్చి చూడగా అవి క్రిందికి జారుచు, ఊడుచు శకటమును నడువనీయవయ్యెను. విలియం ట్రిట్టన్ అను ఇంజనీరు ఉక్కుపలకలతో క్రొత్తరకపు గొలుసును 1915 సెప్టెంబరులో రూపొందించిన తరువాతనే ఆ పని కొనసాగెను. మఱుసటి సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన సోం యుద్ధరంగమున ప్రపంచము మొదటిసారి టాంకును చూచెను. పొలములో మెత్తని నేలను దాటుటకై పుట్టిన గొలుసు ఇట్లు యుద్ధభూమికి పోయెను. యుద్ధమునుండి తిరిగి, విడిచిన సామగ్రి రూపమున మన బీడుభూములకు వచ్చెను.

ఈ గొలుసు నిర్మాణమును తెలిసికొనుటకు సైకిలు గొలుసును చూచినచో చాలును. సైకిలు గొలుసులో లింకులున్నట్లే దీనిలోను లింకులు కలవు. రెండు లింకులను కలుపుచు ఒక ఉక్కుపిన్ను దూరియుండును. పిన్ను చుట్టును బుష్షు అను గొట్టముండును. గొలుసు వంగునప్పుడు బుష్షులో పిన్ను కొంత తిరుగును. లింకులపై బయటిప్రక్క ఇనుపప్లేట్లు బోల్టులతో బిగింపబడియుండును. ప్లేటుపై నిలువుగా లేచిన ఇనుపగట్టు నేలలో గ్రుచ్చుకొని పట్టు నిచ్చును. వెనుకనున్న పండ్లచక్రము తన పండ్లతో బుష్షులను పట్టి గొలుసును లాగును. ముందు ఐడ్లరు అను నున్నని చక్రము గొలుసును త్రిప్పి నేలపైకి పంపును. క్రింద వరుసగా నున్న రోలర్లు బండి బరువును మోయుచు గొలుసుపై దొర్లుచుండును. అనగా గొలుసు ఈ బండికి రైలుపట్టా వంటిది. ముందువైపున తానే పట్టా పఱచుకొని, దానిపై దొర్లి, వెనుకవైపున ఆ పట్టాను ఎత్తుకొని మఱల ముందుకు తెచ్చుకొనును. ఎవ్వరును దారి వేయని చోటికి పోవలసిన బండి కావున తన దారిని తనతోనే మోసికొని తిరుగుచుండును.

దారి మోసికొని తిరుగువానికి దారిలోని దుమ్ము కూడ తప్పదు. రాయలసీమలోని ఎఱ్ఱనేల నల్లరాతి శిలలు చితికి ఏర్పడినది. దానిలో పలుగురాతి యిసుక విస్తారముగా నుండును. పలుగురాయి ఉక్కును గీయగల గట్టిది. ఆ రేణువులు పిన్నునకును బుష్షునకును నడుమ చొచ్చి ఆకురాతివలె అరుగదీయుచుండును. పూర్వపు గొలుసులలో ఆ కీలునకు నూనె పెట్టు ఏర్పాటులేదు. బండియిరుసునకు కందెన పెట్టుట మన పల్లెలలో పసివాడు నెఱుగును. కాని ఈ యంత్రమునందు కీళ్ళు ఏండ్లతరబడి పొడి ఇనుముగానే రాచుకొనుచు పనిచేసెను. లోపల నూనె నింపి, దుమ్ము చొరకుండ మూసివేసిన కీళ్ళు గల గొలుసులు 1970 దశకమున గాని వాడుకలోనికి రాలేదు.

అరుగుదల ఎంత కొలదియైనను లెక్కలోనికి వచ్చును. ఒక గొలుసులో 40 లింకులున్నవనియు, ఒక కీలునుండి మఱియొక కీలునకు దూరము 170 మిల్లీమీటర్లనియు అనుకొందము. ప్రతి కీలునందును రెండు మిల్లీమీటర్లు అరిగినవి. ఒక కీలును చూచినచో కంటికి ఆనదు. కాని నలువది కీళ్ళలో అది 80 మిల్లీమీటర్లగును. ‘గొలుసు సాగినది’ అని పనివారందురు. నిజమునకు ఉక్కు సాగలేదు. కీళ్ళలో సందు పెరిగినది. గొలుసు వ్రేలాడును, మలుపులో ప్రక్కకు జారి ఊడును. అంతకంటె పెద్ద నష్టము మఱియొకటి కలదు. పండ్లచక్రము 170 మిల్లీమీటర్ల దూరమునకు తగినట్లు చేయబడినది. కీళ్ళ దూరము 172 అయినప్పుడు పన్ను బుష్షునకు సరిగా కుదురదు. ప్రతి పన్నును బుష్షును రాచుచు ఎక్కును; రాచుచు దిగును. అందువలన పండ్లు ఒకవైపు అరిగి కొడవలి మొనలవలె పదునెక్కును. లోపలి జబ్బు ఇట్లు బయటికి కనబడును.

అనుభవజ్ఞుడైన మేస్త్రి దీనిని కంటితో మాత్రమే నిర్ణయింపడు. గొలుసును బిగుతుగా లాగియుంచి, వరుసగా నాలుగు లింకుల పొడవును టేపుతో కొలుచును. పై లెక్క ప్రకారము క్రొత్త గొలుసునకు 680 మిల్లీమీటర్లు రావలెను. 688 వచ్చినచో ఒక్కొక్క కీలు రెండేసి మిల్లీమీటర్లు అరిగినదని తెలియును. ఒక్క లింకును కొలిచినచో పొరపాటు జరుగవచ్చును. నాలుగింటిని కలిపి కొలిచినచో ఆ పొరపాటు తగ్గును. పిమ్మట రోలర్ల మందమును, ప్లేటుపై గట్టు ఎత్తును, పండ్ల ఆకారమును పరీక్షించి, ఏది ఎంతకాలము వచ్చునో వ్రాసికొనును.

ఇప్పుడొక సందర్భము నూహింపుడు. మే నెల కడపటి వారము. ఎండిన చెరువులో పాత బుల్‌డోజరు పూడిక త్రోయుచున్నది. పని ముప్పాతిక వంతు ముగిసినది. ఒక మలుపులో గొలుసు ఊడి ప్రక్కకు పడినది. పని చేయించుచున్న రైతు ఆకాశమువైపు చూచుచు, “మేస్త్రీ, వాన దగ్గర పడినది. ఏదైన నొకటి చేసి బండి నడిపింపుము. తక్కిన సంగతి తరువాత చూచుకొందము” అనును. మేస్త్రి కొలిచి చూడగా ఒక్కొక్క కీలు నాలుగేసి మిల్లీమీటర్లు అరిగినది. నలువది కీళ్ళకును 160 మిల్లీమీటర్లు పెరిగినది. అనగా ఇంచుమించు ఒక లింకు పొడవు. శిష్యుడు సంతోషించి, “అన్నా, ఒక లింకు తీసివేసినచో గొలుసు సరిపోవును గదా!” అనును.

మేస్త్రి నవ్వి యిట్లు చెప్పును: “అబ్బీ, లింకు తీసినచో గొలుసు పొట్టిదగును. కీలు మాత్రము క్రొత్తదగునా? ముప్పది తొమ్మిది కీళ్ళును ఇంకను 174 దూరముననే యున్నవి. పండ్లచక్రము 170 కోరుచున్నది. ఇప్పుడు వ్రేలాడుట మానును. కాని పండ్లను కొఱుకుట మానదు. గొలుసు ధరతో పోవు పని పండ్లచక్రము ధరతో కలిసి రెట్టింపగును.” పిమ్మట రైతువైపు తిరిగి, “అయ్యా, ఈ పూట ఊడిన గొలుసు మఱల ఎక్కింతును. మెల్లగా నడిపి, మలుపులు తగ్గించి, బండిని చెరువులోనుండి గట్టుమీదికి చేర్చుదము. వాన వచ్చి బురదలో బండి నిలిచినచో దానిని లాగుటకు మఱియొక బండి కావలెను” అనును. రైతునకు ఈ మాట కష్టము కలిగించును. ఏలయన మిగిలిన పూడిక ఆ యేటికి మిగిలిపోవును. కాని మేస్త్రి చెప్పినది నిజము. ఒక్క యేటి పాతిక వంతు పని కొఱకు పది యేండ్లు పనిచేయగల యంత్రమును చంపుట తగదు.

ఎద్దులబండి యుగమునందును ఇట్టి చిక్కు లేకపోలేదు. వేసవి ఎండకు చక్రపు చెక్క ఎండి కుంచించుకొనును. దాని చుట్టునున్న ఇనుపపట్టా వదులగును. తొందరలోనున్న బండివాడు చక్రమును నీటిలో నానవేయును. చెక్క ఉబ్బి, పట్టా బిగియును. బండి ఆ నాటికి నడచును. ఆరిన పిమ్మట మఱల వదులగును. అసలైన చికిత్స వేఱు. పట్టాను విప్పి, కొంత కత్తిరించి, కొలిమిలో అతికి, ఎఱ్ఱగా కాల్చి, చక్రమునకు తొడిగి నీరు చల్లవలెను. చల్లారుచు కుంచించుకొను పట్టా చక్రము నంతటిని గట్టిగా కౌగిలించును. నానవేయుట పొద్దు గడుపుకొనుట. పట్టా వేయుట బాగుచేయుట. ఈ రెంటికిని గల భేదమును ఎఱిగినవాడే మంచి పనివాడు.

గొలుసునకు తగిన చికిత్స యేమి? పిన్ను అన్నివైపుల సమముగా అరుగదు. బండి లాగునప్పుడు బలము ఒకేవైపున పడును గనుక పిన్ను ఒకవైపే అరుగును. బుష్షును ఒకవైపే అరుగును. రెండవవైపు చాలవఱకు క్రొత్తగానే యుండును. కావున పిన్నులను బుష్షులను బయటికి తీసి, సగము చుట్టు త్రిప్పి, మఱల దూర్చినచో క్రొత్త ముఖములు పనిలోనికి వచ్చును. కీళ్ళ దూరము మొదటి కొలతకు చేరువగును. గొలుసునకు మఱియొక ఆయువు లభించును. కాని దీనికి సమయము తెలియవలెను. బుష్షు గోడ పలుచబడి పగిలిన తరువాత త్రిప్పుటకు ఏమియు మిగులదు. తగినంత మందముండగానే త్రిప్పవలెను. ఇంకను నడచుచున్నదిగదా యని ఉపేక్షించినవానికి ఈ రెండవ ఆయువు దక్కదు.

పిన్నులు వదులుగా నుండవు. లింకులలో మిక్కిలి బిగువుగా దిగియుండును. పెద్ద యంత్రముల పిన్నులను త్రోయుటకు నూఱు టన్నులకు మించిన బలము గల నూనెప్రెస్సు కావలెను. గొలుసును విప్పుటకు మాత్రము ఒక ప్రత్యేకమైన పిన్ను కలదు. దానిని మాస్టరు పిన్ను అందురు. గుర్తున్న ఆ పిన్నును పైకి తెచ్చి, దానిని త్రోసినచో గొలుసు తెఱచుకొనును. తెఱచిన గొలుసును నేలపై చాపవలె పఱతురు. క్రొత్త గొలుసు వేయునప్పుడు దానిని బండి ముందు పఱచి, బండిని మెల్లగా దానిపైకి నడిపింతురు. వెనుక కొనను పండ్లచక్రముపైకి ఎక్కించి, పైరోలర్లమీదుగా ముందుకు లాగి, ఐడ్లరు దగ్గఱ రెండు కొనలను కలిపి, మాస్టరు పిన్ను దిగగొట్టుదురు. గొలుసు క్రొత్తదై పండ్లచక్రము పాతదైనచో పాత పండ్లు క్రొత్త బుష్షులను త్వరగా తినివేయును. అందుచేత రెంటిని కలిపి మార్చుట మేలు.

మార్చుటకంటె నింపుట మేలైన భాగములును కలవు. ప్లేటుపై గట్టు అరిగినచో దానిపై క్రొత్త ఇనుపకమ్మిని వెల్డింగు చేయుదురు. రోలర్ల అంచులు, ఐడ్లరు ముఖము అరిగినచో గట్టి లోహమును పొరలుపొరలుగా కరగించి పోసి, మొదటి కొలతకు తెత్తురు. కుమ్మరి పగిలిన కుండను బాగుచేయలేడు గాని కమ్మరి అరిగిన కఱ్ఱును మఱల సాగగొట్టి రైతు చేతికిచ్చును గదా! ఇనుమునకు గల గొప్పతన మిదియే.

ఈ పనిలో ప్రమాదములు కలవు. ఐడ్లరు వెనుక ఒక బలమైన స్ప్రింగు టన్నులకొలది ఒత్తిడితో అణచబడియుండును. దానిని తెలియక విప్పినవాని ప్రాణమునకే అపాయము. గట్టి ఉక్కుపిన్నును గట్టి సుత్తితో కొట్టినచో పెళ్ళలు లేచి తూటాలవలె వచ్చును. కంటికి అద్దములు లేక ఈ పని చేయరాదు. జాకీపై లేపిన బండిక్రింద దిమ్మలు పెట్టక దూరరాదు. పనిలో ధైర్యము మంచిదే కాని, జాగ్రత్త లేని ధైర్యము చేతులను కాళ్ళను పొట్టన పెట్టుకొనును.

పాత యంత్రములకు విడిభాగములు దొరకుట కష్టము. పూర్వము ఇవి విదేశములనుండి రావలసియుండెను. 1964లో భారత ప్రభుత్వము బెంగుళూరున భారత్ ఎర్త్ మూవర్స్ సంస్థను స్థాపించెను. కోలారు బంగారుగనుల పట్టణమున దానికి గల కర్మాగారములో బుల్‌డోజర్లు తయారగుచున్నవి. ఆ పట్టణమున తెలుగువారును తరతరములుగా నివసించుచున్నారు. ఇట్లు మన సీమకు ఎంతో దూరముకాని చోటనే ఈ యంత్రములు పుట్టసాగెను. ఐనను ఏ యంత్రమునకైన తయారీ ఆగిన తరువాత ఒకనాడు భాగములు కరవగును. అప్పుడు ఒక బండిని విప్పి మఱియొక బండిని నిలుపుదురు; లేదా పాత కొలతలు చూచి క్రొత్తభాగమును తిరుగలిమఱపై చెక్కుదురు. ఇంగ్లండు, అమెరికా, ఆస్ట్రేలియా వంటి దేశములలో పాత గొలుసు ట్రాక్టర్లను సేకరించి, గొలుసులు బాగుచేసి, నడుపుచు సంతోషించువారు పెక్కురు కలరు. 1909లో హార్న్స్‌బీ సంస్థ నిర్మించిన గొలుసు ట్రాక్టరు ఇంగ్లండులోని బోవింగ్టన్ టాంకుల ప్రదర్శనశాలలో నేటికిని భద్రముగా నున్నది. వారికది పూర్వుల బుద్ధిబలమునకు గుర్తు. మన పల్లెలలో పాత యంత్రము ఇంకను కూడు పెట్టుచున్నది గనుక దానిని బాగుచేయుట వేడుక కాదు, అవసరము.

గొలుసు ఆయువు మేస్త్రి చేతిలోకంటె నడుపువాని చేతిలోనే ఎక్కువగా నున్నది. సాయంకాలము పని ముగిసినంతనే గొలుసులోని మట్టిని, రాళ్ళను తీసివేయవలెను. తడిమన్ను ఆరి గట్టిపడినచో గొలుసు బిగిసి రోలర్లు తిరుగక, తిరుగనివైపు బల్లపరుపుగా అరుగును. గొలుసును మిక్కిలి వదులుగా నుంచిన ఊడును. మిక్కిలి బిగించిన త్వరగా అరుగును. పైభాగమున ఆయా యంత్రమునకు చెప్పినంత కొలదిపాటి వాలు ఉండవలెను. వెనుకకు వడిగా నడుపుట, ఎప్పుడును ఒకేవైపునకు త్రిప్పుట, పనిలేక రాతినేలపై దూరము పోవుట గొలుసునకు శత్రువులు. ఇట్టి యంత్రముల మరమ్మతు వ్యయములో సగము వఱకు ఈ క్రిందిభాగమునకే అగునని పనివా రెఱుగుదురు. ఇంజను ధ్వని అందఱును విందురు. గొలుసు మూలుగును వినువాడు అరుదు.

నేడు తెలుగునాట చెరువులలో పాత బుల్‌డోజర్లకంటె పొడవైన తొండము గల త్రవ్వుడు యంత్రములు ఎక్కువగా కనబడును. వానిని జనులు ‘ఇటాచి’ యని పిలుతురు. పేరు మాఱినను క్రిందనున్నది ఆ గొలుసే. లోపలనున్నది ఆ పిన్నే. దానిని అరుగదీయునది ఆ యెఱ్ఱమట్టి యిసుకయే. నూఱేండ్లకు మించి యంత్రములు ఎన్నియో మాఱినవి. ఇనుము ఇనుముపై తిరుగుచోట అరుగుదల యుండుననుట మాత్రము మాఱలేదు.

చెరువును ఇట్టి గొలుసే. ఎగువ చెరువు మరవ పారిన నీరు దిగువ చెరువునకు చేరును. దానినుండి మఱియొకదానికి పోవును. రాయలసీమలో ఇట్లు వంకలచే కూర్చబడిన చెరువుల వరుసలు పెక్కు కలవు. ఒక వంక పూడినను, ఒక తూము చెడినను, ఒక కట్ట తెగినను దిగువనున్న ఊళ్ళన్నియు కష్టపడును. ఏ యేడు కొంచెము పూడినదో ఎవ్వరికిని కనబడదు. రెండు మిల్లీమీటర్ల అరుగుదల వలె అది లెక్కలో దాగియుండి, కఱవుయేట బయటపడును. పోరుమామిళ్ళ కట్టను వేసిన వేయిమందికి యంత్రములు లేవు. మనకు యంత్రము లున్నవి. వారు కట్టినదానిని మనము నిలుపుకొనవలెనన్నచో, ప్రతి వేసవియందును చెరువును కొలువవలెను. చెరువును బాగుచేయు యంత్రమును కొలువవలెను. అరిగినదానిని అరిగినంతలోనే చక్కబెట్టవలెను. వాన వచ్చునాటికి నేలయు, యంత్రమును, మనుష్యులును సిద్ధముగా నున్న ఊరిలో ఆ యేటి నీరు నిలుచును.